పక్క ఎముక

బతికున్నంతకాలం మా సార్ నన్ను విసిగించారు. పోయాక కూడా ఆ పని మానలేదు.

కబురు తెలిసింది మా ఆఫీసు క్యాంటీన్‌లో. వేరే అంతస్తులో పనిచేసే ఒక అమ్మాయి కుటుంబమూ ఆయనా ఒకే చర్చికి వెళ్ళేవారట. టీ కోసం వరుసలో నిలబడి ఉంటే, మీకు ఎనాటమీ చెప్పిన సార్ పోయారు కదా పాపం అంది, నాకు ఎప్పుడో తెలిసే ఉంటుందన్నట్టు. ఎప్పుడని అడిగాను. అప్పటికే నెల దాటిందట. సమాధి చేయడం, ప్రార్థన, అన్నీ అయిపోయాయట. టీ తీసుకోకుండానే నా సీటుకు వచ్చి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ నెలంతా మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెళ్ళిరోజులకు కేకుల బొమ్మలు, పిల్లల పుట్టినరోజులకు బెలూన్ల బొమ్మలు తెగ పెట్టుకున్నాం. ఆయన పోయిన రోజున కూడా ఎవరో ఒకరు గుడ్ మార్నింగ్ అని పూలబొమ్మ పెట్టే ఉంటారు. చెప్పాపెట్టకుండా మాయమవడం ఎంత తప్పో మాకు నేర్పింది ఆయనే. తన వంతు వచ్చేసరికి ఆ పనే చేశారు.

మాదాపూర్‌లో మెట్రో దిగి లోపలి సందుల్లోకి నడిస్తే, కింద టిఫిన్ సెంటరు, మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఆ పైన మా ఇన్‌స్టిట్యూట్. అక్కడ మెడికల్ కోడింగ్ నేర్పేవారు. అమెరికాలో డాక్టరు రోగిని చూసి రాసిన కాగితాన్ని ఇక్కడ మేము చదివి, ఆ జబ్బుకూ చేసిన వైద్యానికీ సరైన కోడ్ వేయాలి. దాన్ని చూసి అక్కడి ఇన్సూరెన్స్ వాళ్ళు బిల్లు తీరుస్తారు. మేము రోగిని చూసేది లేదు, పలకరించేది లేదు. కానీ ఒంట్లో ఏ భాగం ఎక్కడుంటుందో, వైద్యభాషలో దాన్నేమంటారో తెలియకపోతే ఒక్క కాగితమూ ముందుకు కదలదు. అందుకే కోర్సు ఎనాటమీతో మొదలవుతుంది. దానికి మాకు దొరికిన గురువు ఈయన. కోస్తా వైపు ఏదో నర్సింగ్ స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరై, నగరానికి వచ్చి, ఇంట్లో కూర్చోలేక ఈ పనికి కుదిరారని విన్నాం. పెళ్ళి చేసుకోలేదట. అంతకు మించి ఆయన గురించి మాకేమీ తెలియదు. అడిగినా చెప్పేవారు కాదు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేనెందుకంత చిరాకుపడ్డానో అర్థం కాదు. మాది జీడిమెట్ల. మా ఆయన అక్కడే ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నేను జువాలజీతో డిగ్రీ చేసి, పెళ్ళయి, పాప పుట్టి, పుస్తకం ముట్టుకోక చాలా ఏళ్ళయ్యాక ఈ కోర్సులో చేరాను. పాపను చూసుకోవడానికి మా అత్తమ్మ ఒప్పుకుంది గానీ, ఆడబిడ్డకు నెలలు నిండుతున్నాయి. దసరా దాటగానే అత్తమ్మ అటు వెళ్ళిపోవాలి. ఈలోపే కోర్సు అవ్వాలి, పరీక్ష రాయాలి, పాసవ్వాలి. మా ఆయన మంచిగానే చెప్పాడు: "ఒక్కపారి రాయి. అయితే అయ్యింది, లేకపోతే ఇగ ఆ ముచ్చట విడిచిపెడదాం." విడిచిపెడితే మళ్ళీ పట్టుకునే వయసు కాదు నాది. రోజూ పొద్దున్నే వంట చేసి, రెండు బస్సులు మారి, కూకట్‌పల్లి దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి, ఉసూరుమంటూ మెట్లెక్కి వెళ్ళేదాన్ని. నాకు కావాల్సింది ఒకటే. పదాలూ వాటి అర్థాలూ రాసిస్తే బట్టీ కొట్టి పరీక్షలో కక్కేయాలి.

మొదటిరోజు క్లాసులో అడుగుపెట్టేసరికి ఆయన పిల్లలకు ఎముకలు పంచుతున్నారు. ఎముకలంటే ఎముకల పేర్లు. ఈ కోర్సు పూర్తయ్యేదాకా ఎవరి పేరూ పిలవనని, ఎవరి ఎముక పేరుతో వాళ్ళను పిలుస్తానని ప్రకటించారు. పుర్రె, కింది దవడ, రొమ్ము ఎముక, తొడ ఎముక, అలా పై నుంచి కింద దాకా పంచేశారు. నేను బస్సు ఆలస్యమై ఆఖర్న వచ్చాను. ఆఖరి బెంచీ చివర కూర్చున్నాను. ఆయన నావైపు చూసి, "మీరు చివర వచ్చారు, చివరే కూర్చున్నారు. వెన్నెముక చివరిది మీదేనండి. కాక్సిక్స్ గారు" అన్నారు. అంటే తోక ఎముక. క్లాసంతా ఒకటే నవ్వు. పిల్లతల్లిని, ఇంట్లో నలుగురూ వదినా అక్కా అని పిలిచేదాన్ని, అక్కడ రోజూ పొద్దున్నే తోక ఎముక గారిని అయ్యాను.

గారు తగిలించకుండా ఆయన దేన్నీ పిలిచేవారు కాదు. ఎముకలకు గారు, కండరాలకు గారు, చివరికి అపెండిక్స్‌కు కూడా గారు. కాలేయం గారు కుడివైపు ఉంటారండి, ప్లీహం గారు ఎడమవైపు ఉంటారండి అని పెళ్ళిలో బంధువులను పరిచయం చేసినట్టు చెప్పేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలు, ఆ జేబు ఎప్పుడూ తెల్లగానే ఉండేది. ఏ ఎముక పేరు చెప్పినా తన ఒంటి మీద అక్కడ రెండు వేళ్ళతో తట్టుకునేవారు. లిఫ్టులో ఉన్నా, టిఫిన్ సెంటరు దగ్గర ఇడ్లీ తింటున్నా ఆ తట్టుకోవడం ఆగేది కాదు. కొత్తవాళ్ళు చూస్తే ఈయనకు ఒళ్ళంతా నొప్పులేమో అనుకునేవారు.

ఇక ఆటలు. వాటి గురించి తలచుకుంటే ఇప్పటికీ తల పట్టుకోవాలనిపిస్తుంది. కపాల నరాలన్నిటినీ చర్చి పాటల బాణీలో కట్టి మా చేత కోరస్ పాడించేవారు. ఎనాటమీ పదాలతో అంత్యాక్షరి ఆడించేవారు. గెలిచిన జట్టుకు తలా ఒక పల్లీపట్టి, ఓడిన జట్టు అందరి బాటిళ్ళూ నింపుకు రావాలి. వాటర్ కూలర్ దగ్గర నాకంటే ఎక్కువసేపు నిలబడ్డ మనిషి ఆ భవనంలో లేరు. అన్నిటికంటే ఘోరం తొక్కుడుబిళ్ళ. డాక్టర్లు పొట్టను అడ్డంగా నిలువుగా గీతలు గీసినట్టు తొమ్మిది గదులుగా విడదీసి చెప్తారు. ఆయన ఆ గదులను వరండాలో నేల మీద సుద్దతో గీసి, బిళ్ళ విసిరి, ఒంటికాలి మీద గెంతమనేవారు. గెంతుతూ ఏ గదిలో దిగితే ఆ గది పేరు, అందులో ఉండే అవయవాల పేర్లు అరవాలి. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని నేను ఎపిగాస్ట్రిక్ అని అరుస్తూ గెంతుతుంటే, కింది సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు పైకి వచ్చి మా తల మీద ఏం జరుగుతోందని అడిగారు. సార్ వాళ్ళను కూడా ఆటలోకి రమ్మన్నారు. ఒకతను నిజంగానే వచ్చి గెంతాడు.

అందులో ఇంకో మెలిక ఉంది. నేల మీద గీసింది వెల్లకిలా పడుకున్న రోగి పొట్ట. కాళ్ళ వైపు నుంచి గెంతుతూ వెళ్తే మన ఎడమ ఆ రోగికి కుడి అవుతుంది. కోడింగ్‌లో కొంపలు ముంచేది ఇదే. కుడి మోకాలికి బదులు ఎడమ మోకాలి కోడ్ వేస్తే కాగితం తిరిగొస్తుంది. నేను ప్రతిసారీ నా కుడినే కుడి అనుకుని గెంతి అవుటయ్యేదాన్ని. మీరు మీ వైపు నుంచి చూస్తున్నారండి, పడుకున్నాయన వైపు నుంచి చూడండి అనేవారు. పడుకున్నాయన ఎవరూ లేరు సార్, సుద్దగీతలే ఉన్నాయి అన్నాను ఒకసారి ఒళ్ళు మండి. ఆయన నేల వైపు చూసి, ఆ మాట ఆయన వింటే బాధపడతారండి అన్నారు. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

ఒకరోజు తేల్చుకుందామని క్లాసయ్యాక ఆగాను. నా ఇంటి పరిస్థితి, అత్తమ్మ ప్రయాణం, ఒక్కసారే రాయనిస్తారన్న సంగతి అన్నీ చెప్పాను. నాకు ఆడుకునే తీరిక లేదని, నోట్సు ఇవ్వమని అడిగాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. సుద్దముక్క ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"బట్టీ కొట్టింది పరీక్ష హాలు గుమ్మం దాకా వస్తుందండి. లోపలికి రాదండి. ఒకపని చేద్దాం. మళ్ళీ ఆడదామండి."

ఆ మళ్ళీ ఆడదామండి అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. తప్పు చెప్తే అదే మాట, ఒప్పు చెప్తే అదే మాట. ఒక్కరోజైనా గట్టిగా కసిరితే నాకూ కసిరే వీలుండేది. ఆ అవకాశం ఇచ్చేవారు కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. హాజరు పిలవడంలో ఆయన పెట్టిన రూలు. ఎవరైనా క్లాసుకు రాకపోతే, ఒంట్లో వాళ్ళ ఎముకను ఆనుకుని ఉండే పక్క ఎముకలు లేచి నిలబడాలి. తొడ ఎముక రాకపోతే తుంటీ మోకాలూ నిలబడాలి. రానివాళ్ళు ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు, ఈ రెండూ చెప్తే కూర్చోవచ్చు. చెప్పలేకపోతే కనుక్కునేదాకా నిలబడే పాఠం వినాలి. పక్కన ఎవరున్నారో తెలిస్తే ఎముక పేరు దానంతటదే గుర్తుంటుందని ఆయన వాదన. ఎక్కడున్నారో చెప్పేసి గబుక్కున కూర్చోబోతే ఊరుకునేవారు కాదు. రూములో ఉన్నాడట సార్ అంటే, "ఎలా ఉన్నారండి?" అని ఇంకో ప్రశ్న. పడుకున్నాడట సార్ అంటే, పడుకుంటే ఎలా ఉన్నట్టండి అనేవారు. దాంతో క్లాసు మొదలయ్యే ముందు అందరూ ఫోన్లు పట్టుకుని ఒకరి ఆరోగ్యాలు ఒకరు విచారించుకోవడమే సరిపోయేది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాళ్ళు ఒకరినొకరు నీకు జ్వరం ఎంత ఉందిరా అని అడిగి రాసుకునేవారు.

నా తోక ఎముకకు పక్క ఎముక ఒక్కటే, దాని పైనుండే సేక్రమ్. ఆ సేక్రమ్ ఒక ఇరవై రెండేళ్ళ పిల్ల. సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చి, బీఫార్మసీ చేసి, మాదాపూర్‌లోనే ఒక హాస్టల్లో ఉండేది. నాలాంటి పెద్దదానితో ఆ పిల్లకు మాటలేముంటాయి? ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఎవరి చిరాకులో వాళ్ళం ఉండేవాళ్ళం. మొదటి మోడల్ పరీక్షలో ఆ పిల్ల బాగా తప్పింది. మర్నాడు రాలేదు. నేను లేచి నిలబడ్డాను. తుంటి ఎముకలు కూడా దానికి పక్కవే గనుక ఆ ఇద్దరు కుర్రాళ్ళూ లేచారు, ఫోన్ కలవడం లేదని మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు. మరుసటి రోజూ రాలేదు. బస్సులో నిలబడి వచ్చి, క్లాసులో నిలబడి, బస్సులో నిలబడి వెళ్ళి, ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి, నా మడమలు పగిలిపోయాయి. ఆ సాయంత్రం నేరుగా హాస్టల్‌కు వెళ్ళాను. ప్రేమ ఏమీ కాదు, కోపం.

దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. లాగేశాను. మొహం ఉబ్బిపోయి ఉంది, రెండు రోజులుగా తిండి తిన్నట్టు లేదు. "నాకు రాదక్క ఇది. మా నాయనకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు" అంది. నేను తిట్టాలని వెళ్ళినదాన్ని, తిట్టాను కూడా. నువ్విక్కడ పండుకుంటే నేనక్కడ నిలవడాల్నా అని అడిగాను. తర్వాత కిందికి తీసుకెళ్ళి దోసె తినిపించాను. మర్నాడు వచ్చింది. హాజరులో సార్ సేక్రమ్ గారూ అన్నారు, ఆ పిల్ల ఉన్నాను సార్ అంది, ఆయన తర్వాతి ఎముకకు వెళ్ళిపోయారు. ఒక మెచ్చుకోలు లేదు, ఒక నవ్వు లేదు. నాకు అదీ కోపమే.

పరీక్ష దగ్గరపడ్డాక మా పాపకు జ్వరం పట్టుకుంది. తగ్గదు, దిగదు. డెంగ్యూ అన్నారు. మా ఇంటికి దగ్గర్లోని దవాఖానలో చేర్చాం. అత్తమ్మ అనుకున్నదానికంటే ముందే ఆడబిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది, మా ఆయనకు డ్యూటీ. నేను పాప పక్కన మంచం అంచున కూర్చుని, ఎక్కించే సీసాలోంచి చుక్కలు పడటం చూస్తూ ఉండిపోయాను. కోర్సు లేదు, పరీక్ష లేదు, ఏదీ లేదు. ఫోన్ మోగితే ఎత్తలేదు. ఇక అయిపోయిందనే అనుకున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేక అలా కూర్చున్నాను.

రెండో రోజో మూడో రోజో, వార్డు గుమ్మంలో ఆ సేక్రమ్ పిల్ల కనబడింది. ఇన్‌స్టిట్యూట్‌లో నా చిరునామా అడిగి ఇంటికి వెళ్ళి, పక్కింటివాళ్ళను పట్టుకుని ఇక్కడికి వచ్చిందట. పరామర్శ ఏమీ లేదు.

"అక్క, ఫోనన్న ఎత్తరాదా. నీ పక్కన నేనొక్కదాన్నే ఉన్న. నిలవడి నిలవడి నా కాళ్ళు గుంజుతున్నయ్."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. అన్ని రోజులూ ఆగి ఉన్నదంతా ఆ పిల్ల ముందు బయటికి వచ్చేసింది. పాప అప్పుడే కాస్త తేరుకుంటోంది. ఆ పిల్ల పాప పక్కన కూర్చుని నన్ను క్లాసుకు వెళ్ళమంది. పరీక్షకు ముందు చెప్పేవన్నీ ముఖ్యమైనవేనని, తను ఎలాగూ క్లాసులో కుర్రాళ్ళ దగ్గర అడిగి తెలుసుకుంటానని అంది. అలా ఆ వారమంతా తను దవాఖానలో, నేను క్లాసులో. తను రానందుకు నేను నిలబడాల్సి వచ్చేది. సార్ అన్నీ తెలిసి కూడా అడిగేవారు. సేక్రమ్ గారు ఎక్కడున్నారండి? మా పాప దగ్గరున్నరు సార్. ఎలా ఉన్నారండి? మంచిగున్నరు సార్. పాప గారు ఎలా ఉన్నారండి? రూలులో ఆ మూడో ప్రశ్న లేదు. అయినా ఒక్క రోజు కూడా దానికి కూర్చుని జవాబు చెప్పలేదు.

పరీక్ష రాశాను. పొట్ట మీద ప్రశ్న వచ్చినప్పుడు బల్ల కింద నా కుడికాలు దానంతటదే లేచింది, కాపలా ఉన్నావిడ అనుమానంగా చూసింది. ఒక నరం పేరు మాత్రం పాటలో ముందుకు రాకుండా అక్కడే చిక్కుకుంది, ఆ మార్కు పోయింది. మొత్తానికి గట్టెక్కాను, అంచు మీద. సేక్రమ్ పిల్లకు నాకంటే చాలా మంచి మార్కులు వచ్చాయి. ఆటల వల్ల పాసయ్యానో, ఆటలు పెట్టినా పాసయ్యానో నాకు తెలియదు. ఉద్యోగం మాత్రం వచ్చింది. ఈ రోజుకూ ఆ ఉద్యోగం మీదే ఉన్నాను. ఆ పిల్లా నేనూ ఇప్పుడు ఒకే కంపెనీ. మా పాపకు ఆమె పిన్ని.

ఆ తర్వాత ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వీడియో పాఠాలు పెట్టుకుని సార్‌ను రావద్దన్నారు. వీడియో ముందు గెంతలేం కదండీ అన్నారు నేను ఫోన్ చేస్తే. పండగకో పబ్బానికో చేసేదాన్ని. ఆయనతో ఫోన్ మాట్లాడటం ఇంకో పరీక్ష. ఎలా ఉన్నారు సార్ అని అడగడం పాపం, "అది సరేనండి, మణికట్టులో పడవలా ఉండే ఎముక ఏది చెప్పండి" అనేవారు. నేను చెప్పేలోపు ఇంకోటి. తన మాట ఎత్తనిచ్చేవారు కాదు. నేను పాప చదువు, మా ఆయన ప్రమోషను, ఆఫీసులో గొడవలు అన్నీ చెప్పేసి ఫోన్ పెట్టాక గుర్తొచ్చేది, ఈయన ఒక్క ముక్క చెప్పలేదని. పోయిన సంవత్సరం గొంతు నీరసంగా ఉందేం సార్ అని నిలదీశాను. వర్షం కదండీ, సిగ్నల్ అని చెప్పి, మోకాలి చిప్ప పేరు అడిగారు.

కబురు తెలిశాక వచ్చిన ఆదివారం, ఆ కబురు చెప్పిన అమ్మాయిని సార్ ఇంటి చిరునామా అడిగి, నేనూ సేక్రమ్ పిల్లా నల్లగండ్ల వెళ్ళాం. అపార్ట్‌మెంట్ల వెనక, పాత ఊరి వైపు, మేడ మీద ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆ గదికి అప్పటికే వేరేవాళ్ళు వచ్చేశారు. ఇంటి ఓనరమ్మ మమ్మల్ని లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. కిడ్నీలు పాడయ్యాయట. ఏడాదికి పైగా డయాలసిస్‌కు వెళ్ళి వచ్చేవారట. ఏ రోజూ ఎవరూ వెంట వెళ్ళలేదట.

"ఒక్కడే ఆటోల పోతుండె, ఒక్కడే వస్తుండె. మెట్ల మీద జర సేపు కూసోని పైకి ఎక్కుతుండె" అంది ఆమె. "గంతమంది పిల్లలకు చదువు చెప్పినవు, ఎవరినన్న తోడు పిలుసుకోరాదా సారూ అని ఎన్నిసార్లన్ననో. నా పక్కన ఎవరూ లేరమ్మా, ఎవరూ నిలబడక్కర్లేదు అంటుండె. ఆ నిలవడుడేందో నాకైతే సమజ్ కాలే."

సేక్రమ్ పిల్ల నా వైపు చూసింది. తనకూ సమజ్ కాలేదు. నాకు మాత్రం అయింది. చెప్పాను కదా కోపమని, ఆ కోపం అప్పుడు పూర్తిగా నెత్తికెక్కింది. ఆ సంగతి మీద ఆయనతో నేను గొడవపడ్డాను. గెలిచాననుకున్నాను కూడా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో స్వీటు డబ్బా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. కొత్త బ్యాచ్ ఇంకా రాలేదు, క్లాసు గది ఖాళీగా ఉంది. ఆఖరి బెంచీలో నా చోటనే కూర్చున్నాను. ఆయన ముందు నిలబడి డబ్బా మూత తీసి చూసుకుని సంతోషపడ్డారు. గింతమందికి ఎముకలు పంచిన్రు గదా సార్, మరి మీరేం తీసుకున్నరు అని ఊరికే అడిగాను.

"మిగిలిందే తీసుకున్నానండి. హయాయిడ్."

గడ్డం కింద, గొంతు పైభాగాన రెండు వేళ్ళతో తట్టుకుని చూపించారు. అక్కడ చిన్నగా వంపు తిరిగి ఉండే ఎముక అది. ఒంట్లో ఇంకే ఎముకనూ ఆనుకుని ఉండదు.

"దానికి పక్క ఎముక లేదు కదండీ. నేను రాకపోయినా ఎవరూ లేవక్కర్లేదు. క్లాసుకు ఇబ్బంది ఉండదండి" అన్నారు, అదేదో మాకు చేసిన ఉపకారంలా.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కోర్సు పొడుగునా మమ్మల్ని నిలబెట్టి నిలబెట్టి చంపి, తాను మాత్రం మెల్లగా తప్పుకున్నారా అనిపించింది. లేచి నిలబడ్డాను.

"అది తప్పు సార్. ఎముక లేకపోతేంది? నాలుక దాన్నే పట్టుకొని ఉంటది. దవడ పట్టుకొని ఉంటది. కింద రొమ్ము ఎముక, ఆఖరికి భుజం రెక్క గూడ ఒక కండరమేసి దాన్ని పట్టుకుంటది. అది కదలకపోతే గుటక దిగదని మీరే చెప్పిన్రు. మీరు రాకపోతే ఒక్కలు గాదు సార్, మేమందరం నిలవడాలె."

ఆయన డబ్బాను బల్ల మీద పెట్టారు. క్లాసులో ఎవరైనా జవాబు చెప్తే ఆలోచించేటట్టే ఆలోచించారు. గొంతు మీది వేళ్ళు అలాగే ఉన్నాయి.

"జవాబు సరైనదేనండి" అన్నారు చివరికి. "కానీ అందరూ నిలబడితే పాఠం ఎవరు వింటారండీ? కూర్చోండి."